ఆవిడకు ఇష్టం లేదట

పొద్దున ఎనిమిదింటికే ఆమె కుట్టుమిషను ముందు కూర్చుంది. కీళ్లవాతంతో వేళ్లు కొయ్యబారిపోయి కత్తెర పట్టు దొరకడం లేదు. స్కూలు యూనిఫారాల గుడ్డ బల్లమీద అలాగే పడి ఉంది. అంతలో ఫోన్ మోగింది. ఆసుపత్రి నర్సు.

"అక్కా, కీళ్లవాతం కొత్త మందు పరీక్షలోంచి మీ పేరు తీసేస్తున్నాం."

"తీసేయడమేంటి? సోమవారం వచ్చి సంతకం పెడతానన్నాగా!"

"మీవారు నిన్న ఫోన్ చేశారు కదక్కా. ఆవిడకు ఇష్టం లేదన్నారు." నర్సు నిట్టూర్చింది. "మా దగ్గరంతా ఇదే తంతు. మగవాళ్లు అక్కడికక్కడే సంతకం పెట్టేస్తారు. ఆడవాళ్లు ఇంట్లో అడిగొస్తామని వెళ్తారు, మళ్లీ కనబడరు. మీరూ అంతే అనుకున్నాను."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. విసవిసా ముందుగదిలోకి నడిచింది. డ్యూటీకి బయల్దేరుతూ భర్త బూట్లు తొడుక్కుంటున్నాడు. సిటీ బస్సు డ్రైవరు.

"నాకిష్టం లేదని మీకెవరు చెప్పారు?"

అతను తల ఎత్తలేదు. "ఎవరి మీదా ఇంకా సరిగ్గా వాడని మందు. ఎందుకొచ్చిన గొడవ?"

"రెండేళ్ల కిందట గుండె మందు పరీక్షలో మీరు చేరారే, అప్పుడు నన్నడిగారా? సంతకం పెట్టొచ్చి, టీ తాగుతూ చల్లగా చెప్పారు. ఆర్నెల్లు మీ బీపీ రాసిపెట్టింది నేను!"

"నా సంగతి వేరు. నీకేమైనా అయితే ఇల్లేం కాను? వంటెవరు చేస్తారు? అమ్మకి మందులెవరిస్తారు?"

"ఓహో! మీకేమైనా అయితే ఏడవడానికి మనిషుంది. నాకేమైనా అయితే వంటకి మనిషి లేదు. అంతేగా మీ బాధ?"

మంచం మీంచి అత్తగారు గొంతు పెంచింది. "నా మందులు నేను మింగలేనట్రా? మధ్యలో నన్ను అడ్డం పెట్టుకోకు!"

అతని మొహం మాడిపోయింది. చేతిలోని రెండో బూటు కింద పెట్టేశాడు.

"సంతకం పెట్టిన రోజు నాకు భయం లేదనుకున్నావా?" అన్నాడు. "నర్సు ముందు ఆలోచించుకుంటానంటే నవ్వుతుందని గబుక్కున గీకేశాను. ఆ గుడ్డి ధైర్యం నీ విషయంలో రాలేదు."

"అయితే ఆ మాట నాతో అనాలి. నా నోటితో మీరు అబద్ధమాడటమేంటి? చెయ్యండి ఫోన్. ఇప్పుడే, నా ఎదురుగా."

చేశాడు. "ఆవిడ వద్దనలేదమ్మా. అది నా మాట. తప్పు నాదే," అన్నాడు. పేరు ఇంకా కొట్టెయ్యలేదని, సోమవారం రమ్మని నర్సు చెప్పింది.

అప్పటిదాకా నిప్పులు కక్కిన మనిషి ఒక్కసారిగా కుర్చీలో కూలబడింది.

"ఆ పరీక్ష కాగితాలు మూడుసార్లు చదివాను," అంది. "కాలేయం పాడైపోవచ్చని కూడా రాశారు. అందరూ వెళ్లమనో వద్దనో చెప్పేవాళ్లే. భయంగా ఉందా అని ఒక్కరూ అడగలేదు."

అతను వచ్చి నేలమీద కూర్చున్నాడు. వాచిన ఆ వేళ్లను గట్టిగా పట్టుకోవడానికి జంకి, తన అరచేతిలో ఆనించుకున్నాడు.

"భయంగా ఉందా?"

ఆమె తలూపింది. కన్నీళ్లు జలజలా రాలాయి. "ఉంది. అయినా వెళ్తాను."

"సోమవారం సెలవు పెడతాను."

"రండి. కానీ డాక్టరుతో నేనే మాట్లాడతాను."

"నువ్వే మాట్లాడు," అన్నాడతను.