తెల్ల గుండీ, నల్ల గుండీ

"నన్ను దొంగంటున్నారు సార్! మొహం మీదే అంటున్నారు!" అంటూ ఆమె కుర్చీలో కూలబడింది.

ఆమె దర్జీల పొదుపు సంఘానికి కార్యదర్శి. డిటెక్టివ్ కళ్ళజోడు తుడుచుకుంటూ విన్నాడు. కోర్టు గుమాస్తా పని మానేసి ఆయన దగ్గర చేరిన అసిస్టెంట్ మాత్రం ఆమె నిర్దోషి అని అప్పుడే తీర్మానించేసుకున్నాడు. ఏడ్చేవాళ్ళందరినీ అతను అలాగే నమ్ముతాడు.

పొదుపు సంఘాలకు కొత్త చట్టం వచ్చింది. సంఘం ఒప్పుకుంటే సభ్యుల సొమ్ముకు ప్రభుత్వం పూచీ పడుతుంది, అప్పులివ్వడానికి నిధీ ఇస్తుంది. బదులుగా ప్రభుత్వం పంపిన అధికారి కమిటీలో కూర్చుంటాడు. ఒకసారి సంఘం మునిగి అందరి కష్టార్జితం నీళ్ళపాలైన నాటినుంచి, ఆ చట్టం కోసం ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగినవాడు ప్రెసిడెంటు. తీరా చట్టం వచ్చాక, "మనింట్లో వాళ్ళ పెత్తనమేంటి?" అని సభలో లేచింది ఈ కార్యదర్శే. చప్పట్లు మారుమోగాయి.

చట్టానికి ఒప్పుకోవాలా వద్దా అని ఓటు పెట్టారు. వాళ్ళ ఓటు పద్ధతి పాతది. ఎవరి కొట్లోంచి వాళ్ళు ఒక గుండీ తెచ్చి పెట్టెలో వేస్తారు. తెల్లదైతే సరే, నల్లదైతే వద్దు. మర్నాడు తాళం తీసి చూస్తే దాదాపు అన్నీ తెల్లవే. నల్లవి వేసినవాళ్ళు గోల పెట్టారు.

"తాళంచెవులు ఎవరి దగ్గరున్నాయి?"

"ఒకటి నా దగ్గర, ఒకటి ప్రెసిడెంటు బాబాయ్ దగ్గర. ఆయన్ని అనే దమ్ము ఎవరికుంది? నేనే ప్రభుత్వానికి అమ్ముడుపోయి, పైకి వద్దని నాటకమాడానంట. ఇక నా కొట్టు గడప ఎవరు తొక్కుతారు సార్?"

డిటెక్టివ్ పెట్టెలోని గుండీలు అరచేతిలో పోసుకున్నాడు. తెల్లవన్నీ ఒకే రకం. ఒక్కదాని కన్నంలోనూ దారప్పోగు లేదు. "చూశావా?" అన్నాడు. అసిస్టెంటుకు ఏమీ కనిపించలేదు, అయినా తలూపాడు.

తర్వాత ఆయన సభ్యుల కొట్లన్నీ తిరిగాడు. కోట్లు కుట్టే ముసలి దర్జీ విసుక్కున్నాడు. "నేను నల్లదే వేశానయ్యా. అంచున పువ్వు చెక్కిన పాత గుండీ. దాని జోడు ఇదిగో, ఇదొక్కటే మిగిలింది."

పెట్టెలో అలాంటి గుండీ లేదు. డిటెక్టివ్ ఆ జోడును అడిగి తీసుకుని, అసిస్టెంట్ చొక్కా కుడిచేతికి తానే కుట్టాడు. ఎడమచేతి గుండీ తెంపేశాడు. అసిస్టెంట్ కారణం అడగలేదు.

సాయంత్రం అందరూ ప్రెసిడెంటు కొట్లో కూర్చున్నారు. పొదుపు సంఘాలను తనిఖీ చేసే ప్రభుత్వ ఇన్‌స్పెక్టరూ వచ్చాడు. గోడ వెంట రకానికో సీసాగా గుండీలు.

"ముందు మావాడి గుండీ కుట్టిపెట్టండి," అన్నాడు డిటెక్టివ్. "దీనికి జోడు మీ దగ్గర దొరకదేమో."

"నా కొట్లో దొరక్కపోవడమా?" ప్రెసిడెంటు సీసాలన్నీ వెతికాడు. ఏదీ కలవలేదు. రోషం వచ్చింది. చెయ్యి తనంతట తానే మిషను కిందికి వెళ్ళి, పాత డబ్బా తీసి, పువ్వు గుండీ పట్టుకొచ్చింది. సూదిలో దారం ఎక్కించాక గానీ ఆయనకు తెలివి రాలేదు.

"అది నా ఓటు!" అని ముసలి దర్జీ అరిచాడు.

"ఇన్ని కొట్ల గుండీలు ఒకే రకంగా ఉండవు," అన్నాడు డిటెక్టివ్. "పెట్టెలోవి ఒకే చోట కొన్నవి. మరి అసలువి ఏమయ్యాయి? కాలవలో పారేసి ఉంటే ఈయన్ని ఎవరూ పట్టుకోలేకపోయేవాళ్ళు. కానీ దర్జీ చెయ్యి గుండీని పారెయ్యలేదు."

"ఓడిపోతామనుకున్నాను," అన్నాడు ప్రెసిడెంటు. "ఆ చప్పట్లు విన్నాక లెక్కపెట్టే ధైర్యం లేకపోయింది."

డబ్బాను బల్లమీద బోర్లించి లెక్కపెట్టారు. తెల్లవే ఎక్కువ.

 ఇన్‌స్పెక్టర్ లేచాడు. "పదవిలో ఉన్నవాళ్ళు ఓటు తారుమారు చేస్తే చట్టం ఒప్పుకోదు. ఈ సంఘానికి ఇక నిధీ లేదు, పూచీ లేదు."

నిర్దోషి అని తేలిన కార్యదర్శి ముఖంలో సంతోషం లేదు. ఆమె కుప్పలోంచి ముత్యపుచిప్ప గుండీ ఒకటి ఏరింది.

"ఇది నాది బాబాయ్. సభలో అనాల్సింది అన్నాను. పెట్టె దగ్గరికొచ్చాక మీ మొహం చూసి తెల్లదే వేశాను."

పెద్దాయన సూదిలోంచి దారం లాగేశాడు. అసిస్టెంట్ వేలాడుతున్న చొక్కా చేతిని పైకి మడుచుకున్నాడు.