ఉత్తరం రెండో పేజీ

శుక్రవారం పొద్దున రొట్టెల పిండి కలుపుతూ, హన్నా అలవాటుగా గూట్లోని బైబిలు తెరిచింది. అందులో దాచిన కొడుకు ఉత్తరం లేదు. పిండి చేతులతోనే పేజీలన్నీ తిరగేసింది. ఫ్రాన్సులో యుద్ధపు కందకాల నుంచి కత్‌బర్ట్ రాసిన ఉత్తరం అది. పైఅధికారులు విప్పి చూడని ఆకుపచ్చ కవర్లో వచ్చింది. అవి నెలకొకటే ఇస్తారట.

గనిలో రాత్రి షిఫ్టు దిగి వచ్చిన మొగుడు రాల్ఫ్ పొయ్యి ముందు తొట్టిలో కూర్చుని బొగ్గు మసి కడుక్కుంటున్నాడు. అడిగితే సంబరంగా చెప్పాడు, నిన్న పత్రికాఫీసులో ఇచ్చేశాడట. ఊళ్లో కుర్రాళ్ల ఉత్తరాలన్నీ వారం వారం అచ్చవుతుంటే, నీ కొడుక్కి చేతులు పడిపోయాయా అని గనిలో ఒకటే ఎగతాళి అట. రేపటి పత్రికలో మనవాడిదీ చూసుకోమన్నాడు.

"మొత్తం చదివావా?"

"మొదటి పేజీ చదివాను. మేజోళ్లు అందాయట, నువ్వు పంపిన కేకు పదిమంది పంచుకు తిన్నారట. మిగతాదీ అంతేగా."

హన్నా పిండి గిన్నె పక్కకి నెట్టేసింది. రెండో పేజీ మొగుడికి చూపించనిది తనే. చూస్తే కొడుకుని ఛీ కొడతాడని భయపడింది.

"దాడి రోజు అందరూ ముందుకి పరిగెడుతుంటే గోతిలో దాక్కున్నానని రాశాడయ్యా వాడు. ఎవరూ చూడలేదట. అది అచ్చయితే పిరికివాడని సైన్యం వాళ్లే నిలబెట్టి కాల్చేస్తారు. నీ గొప్ప కోసం నా బిడ్డని చంపుతావా?"

రాల్ఫ్ తొట్టిలోంచి లేచాడు. తడి ఒంటి మీదే చొక్కా తగిలించుకుని పట్నం దారి పట్టాడు.

పిండి పొంగి గిన్నె అంచు దాటింది. హన్నా దాని జోలికి పోలేదు. గడియారం చూడలేక గోడ వైపు తిప్పేసింది.

మధ్యాహ్నానికి తిరిగొచ్చి ఉత్తరం ఆమె చేతిలో పెట్టాడు. ఇంకా అచ్చుకి పోలేదట. పత్రికాయన ఏమీ అడక్కుండా ఇచ్చేశాడట, ఆయన కొడుకూ ఆ కందకాల్లోనే ఉన్నాడట.

"దారిలో కూర్చుని రెండో పేజీ చదివాను," అన్నాడు.

ఆమె ఉత్తరం మడిచి బైబిల్లో పెట్టేసింది.

"నాన్నకి మాత్రం చెప్పకమ్మా అని రాశాడు." రాల్ఫ్ బల్ల దగ్గర కూర్చున్నాడు. "ముప్పై ఏళ్లుగా గనిలోకి దిగేటప్పుడు రోజూ కళ్లు మూసుకుంటాను హన్నా. ఆ మాట వాడికి ఒక్కనాడూ చెప్పలేదు. చెప్పి ఉంటే నాకే రాసేవాడు."

ఆమె అతన్ని పట్టుకుని భోరుమంది. చాలాసేపటికి లేచి సిరాబుడ్డి దించింది. ఆ ఇంట్లో ఉత్తరాలు రాసేది ఎప్పుడూ తనే. ఈసారి రాల్ఫ్ కలం అడిగి తీసుకున్నాడు. నాన్నకి తెలిసిందిరా, నాకూ రోజూ భయమే, అని వంకర అక్షరాలతో రాశాడు.

అది చేరేసరికి వాడు ఉంటాడో లేదో ఇద్దరికీ తెలియదు. టపా పోయే వేళయిందని హన్నా శాలువా కప్పుకుని పరిగెత్తింది.