ఐస్ ఫ్యాక్టరీలో తొలి పాఠం

వన్ టౌన్ దాటి ఫిషింగ్ హార్బర్‌కి పోయే దారిలో పాడుబడ్డ ఐస్ ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. అమావాస్య రాత్రి ఎంత ఇస్తామన్నా ఆటోవాళ్లు అటు వచ్చేవారు కారు. లోపల్నుంచి ఎవరో వాంతి చేసుకుంటున్న చప్పుడు... కడుపులో ఏమీ మిగలకపోయినా పేగుల్ని పైకి లాగుతున్నట్టు.

వినని వాళ్లు నవ్వేవారు. విన్నవాళ్లకి మర్నాడు అన్నం సయించేది కాదు.

ఆ చప్పుడు పుట్టకముందు మాట ఇది. తొంభైల నడిమి రోజులు. రొయ్యలు పట్టేవాళ్లకి పట్టిందల్లా బంగారంగా ఉన్న కాలం. పూర్ణా మార్కెట్లో కిళ్లీ కొట్టువాడు సైతం తమలపాకులు ఒదిలేసి టైగర్ రొయ్య గురించి మాట్లాడేవాడు. సరే, అదలా ఉంచండి.

దుర్గారావుకి బోటుంది, వలుంది, వల్లో రొయ్య లేదు. అతని పెళ్లాం ఈశ్వరికి అన్నయ్యైన సూరన్న బోటు మాత్రం బరువుకి నీళ్లలోకి కుంగి వచ్చేది. ఒకటే సముద్రం, ఒకటే వేకువ.

"ఏటి బావా, వలకి కన్నాలెట్టినావా, కన్నాలకి వలెట్టినావా?" అని జెట్టీ మీద అందరి ముందూ అనేవాడు సూరన్న. జనం నవ్వేవారు. ఆ నవ్వుని దుర్గారావు ఇంటికి తెచ్చుకుని అన్నంలో కలుపుకుని తినేవాడు. కూతురు ధనశ్రీకి పుట్టువెంట్రుకలు తీయించిననాడు కూడా, మేనమామ హోదాలో సూరన్న వస్తాడని అలిగి, యారాడ పోయి తాగి పడుకున్నాడు.

ఆఖరికి సూరన్న కుడిచెయ్యి పడిపోతే బాగుణ్ణనిపించింది. ఇంకొకర్ని బతిమాలడం దేనికి, తానే చిల్లంగి నేర్చుకుంటే సరి అనుకున్నాడు. మనిషిని ముట్టుకోకుండానే మంత్రంతో పీల్చి పిప్పి చేసే విద్యని అటువైపు అలాగే అంటారు. పదో తరగతి దాకా చదివినవాడే. చదువుకీ బుద్ధికీ పొత్తు కుదరడం ఎక్కడోగాని చూడం.

ఐస్ ఫ్యాక్టరీలో ముసలమ్మ అని ఒంటరి మనిషి ఉండేది. ఒకప్పుడు రొయ్యలు ఒలిచే పని. ఆ నీళ్లలో నాని నాని గోళ్లన్నీ ఊడిపోయాయి. ఆ విద్య ఆమెకొచ్చని పేట పేటంతా గుసగుసలు.

"నేర్పుతాను గాని, ఆడి ఎంట్రుకలు తే," అంది ముసలమ్మ. "అమాస రాత్రి రా. తిని రాకు."

వెంట్రుకలే తేవాలంటే... సూరన్నది అద్దంలాంటి బట్టతల!

కానీ సూరన్న బోటు ముందుకొమ్ముకి ఒక పసుపుగుడ్డ మూట వేలాడేది. దాన్ని కళ్లకద్దుకోకుండా వేటకి కదిలేవాడు కాడు. బోటు దింపిన ఏడాది సూరన్న గంగమ్మకి తలనీలాలు ఇచ్చిన సంగతి దుర్గారావుకి గుర్తొచ్చింది. అప్పటి జుట్టు దాచుకున్నాడన్నమాట... వీడి అదృష్టమంతా ఇక్కడుంది! చీకట్లో విప్పాడు. నిజంగానే వెంట్రుకలు. మెత్తగా, పట్టులా జారాయి వేళ్ల మధ్య.

అక్కడే ఆగి ఆలోచించాల్సింది. ఆలోచించలేదు.

ఆ రాత్రి ఫ్యాక్టరీలో... గుడ్డిదీపం. నీలం పీపా. పీపా నిండా ఎన్నాళ్లవో రొయ్యతలకాయలు. పైన బూడిదరంగు నురగ. నురగ కదులుతోంది — పురుగులు.

"సెయ్యి ఎట్టు. మోసేతి దాకా."

దుర్గారావు చేపల కంపులో పుట్టి పెరిగినవాడు. బస్సులో పక్కవాళ్లు జేబురుమాలు ముక్కుకి పెట్టుకుంటే వాళ్లని చూసి నవ్వినవాడు. అలాంటివాడే మొహం పక్కకి తిప్పుకుని చెయ్యి ముంచాడు. గోరువెచ్చని జిగురు వేళ్ల సందుల్లోకి పాకింది.

"సీదరగా ఉందేటి?" ముసలమ్మ చెవిలో గుసగుసగా అంది. "సీదర సావాలిరా. మనిషిలో అది సచ్చినాకే ఈ ఇద్దె ఒత్తాది. ఇదే తొలిపాఠం."

కుళ్లిన చేపమొప్పలో ఆ వెంట్రుకలు కుక్కి, ఉండచేసి నోటికి అందించింది.

"సూరన్న సెయ్యి అనుకో. నమిలి మింగీ. కక్కేవంటే నీకే తగుల్తాది."

నమిలాడు. చీము పగిలినట్టు పగిలింది నోట్లో. వెంట్రుకలు నాలిక్కి చుట్టుకున్నాయి... గొంతులో అడ్డంపడ్డాయి... మింగాడు.

తెల్లారి ఇంటికొచ్చేసరికి ఈశ్వరి గుమ్మంలో ఏడుస్తోంది. రెండేళ్ల ధనశ్రీ ఒళ్లు కాలిపోతోంది. ఉండుండి వాంతులు.

"మావా, గుంటకేటో అయిపోతంది. మాయన్న బోటుకి కట్టిన మూట ఎవడో ఎత్తుకెల్లిపోయినాడంట!"

"మూటకీ... గుంటకీ ఏటి?"

"అయి దాని పుట్టెంట్రుకలే గదా! మా ఇంట్లో మేనమామ తొలికత్తెర ఏసి, అయిదేళ్లు తన బోటుకి కట్టుకుని, అప్పుడు గంగమ్మకిత్తాడు. నువ్వా దినం ఉంటే గదా తెల్సుద్ది!"

దుర్గారావు పరిగెత్తాడు. ముసలమ్మ కాళ్లమీద పడ్డాడు.

"విప్పీయే అమ్మా... అది నా గుంట..."

ముసలమ్మ వెనక్కి జరిగింది. పురుగుల పీపాని చూసినప్పుడు కూడా ముడతపడని ఆ మొహం, అతన్ని చూసి ముడుచుకుపోయింది.

"థూ! కన్నకూతుర్ని నమిలినావేట్రా... నాకు నేర్పిన ముండ కట్టడమే నేర్పింది. విప్పడం సెప్పకుండానే సచ్చింది."

పిల్ల బతికింది. జ్వరమన్నారు, సూదులు వేశారు, తగ్గింది. సూరన్న చేతికీ ఏమీ కాలేదు. ముసలమ్మ కూడా కొన్నాళ్లకి పోయింది.

చాలా ఏళ్ల తరవాత, రెండువేల పదికి ఒకటి రెండేళ్ల ముందు, కన్నబాబనే ఆటో కుర్రాడు పందెం కట్టి అమావాస్యనాడు ఆ ఫ్యాక్టరీలోకి టార్చి వేసుకుని వెళ్లాడు. చప్పుడు వినబడుతూనే ఉంది.

తుప్పుపట్టిన పీపా దగ్గర మోకాళ్లమీద ఒక మనిషి. వేళ్లు గొంతులో.

"ఏటి సేత్తన్నావయ్యా?"

"ఒక్కటుండిపోయింది, నాయినా," అన్నాడు దుర్గారావు, కళ్లలో నీళ్లతో. "ఒక్క ఎంట్రుక. ఇక్కడే తగుల్తంది."

ఇదా దెయ్యం! కన్నబాబు నవ్వాపుకుని, ఆయన్ని ఆటోలో ఇంటికి చేర్చాడు. తలుపు తీసింది ధనశ్రీ. కాలేజీ పిల్ల, నిక్షేపంలా ఉంది.

"మా నాన్నకి అమాసంటే పిచ్చి, అన్నయ్యా. ఏటనుకోకు."

అంటూ లైటు వెయ్యడానికి అటు తిరిగింది. తలస్నానం చేసిన జుట్టు విరబోసుకుని ఉంది. ఒత్తయిన ఆ జుట్టులో, నడినెత్తికి కాస్త కింద, సరిగ్గా మేనమామ తొలికత్తెర వేసే చోట, రూపాయి బిళ్లంత నున్నటి తెల్లమచ్చ. రెండేళ్ల వయసు నుంచీ అక్కడ వెంట్రుకన్నది మొలవలేదట.

తడితడిగా మెరిసింది అది... ఎవరో నాకినట్టు.

దుర్గారావు గడప మీదే వంగిపోయాడు. మళ్లీ అదే చప్పుడు.