గొయ్యి ఎక్కడికి పోయింది?

గొయ్యి మాయమైంది.

మంగళవారం సాయంత్రం ఏడింటికి ముసఫ్ఫా సర్వీస్ రోడ్డులో ఉన్న గొయ్యి, బుధవారం పొద్దున పోలీసులు వచ్చి చూసేసరికి లేదు. దాని చోట నున్నటి తారు ఉంది. పక్కన పికప్ డ్రైవర్ లింబాద్రి చెమటలు కక్కుతూ నిలబడ్డాడు. దేవుడి మీద ఒట్టు సార్, ఈడనే ఉండె అంటాడు. రోడ్డు చూస్తే అట్లా లేదాయె.

ఆ గల్ఫ్ దేశంలో పోలీసు కాగితం లేనిదే ఏ గ్యారేజీవాడూ దెబ్బతిన్న బండిని ముట్టుకోడు. ఆ కాగితం మీద గొయ్యి కనబడలేదని పడింది. ఇంకేముంది, కొంప మునిగింది. లింబాద్రి కంపెనీ నష్టపరిహారం కోసం బలదియాలో, అంటే అక్కడి మున్సిపాలిటీలో క్లెయిమ్ పెట్టింది గానీ, ముదీర్ అని పిలిచే మేనేజరు అతనికి ముందే చెప్పేశాడు. క్లెయిమ్ పాసైతే సరి. లేదంటే బండిని ఫుట్‌పాత్‌కు గుద్ది అబద్ధమాడినట్టే. వీసా క్యాన్సిల్, ఖలాస్.

గురువారం ఫైలు షాహుల్ చేతికొచ్చింది. నెల్లూరు మనిషి. ఇలాంటి క్లెయిముల్లో నిజమెంతో తేల్చే సర్వే ఆఫీసులో ఇన్వెస్టిగేటర్. వచ్చేవాళ్లలో సగం మంది కోతలు కోస్తారని అతని గట్టి నమ్మకం. చూడకముందే లింబాద్రినీ ఆ సగంలో వేసేశాడు.

గ్యారేజీలో పికప్ కింద దూరి టార్చి వేశాడు. ముందు ఎడమ టైరు పగిలింది. రిమ్ము సొట్టపోయింది. చక్రాన్ని పట్టి ఉంచే ఆర్మ్ విరిగింది. గొయ్యిలో పడ్డా ఇంతే, ఫుట్‌పాత్‌కు గుద్దినా ఇంతే.

"ఫోటో తీశావా?"

"ఫోన్ల చార్జింగ్ లేకుండె సార్."

"పోలీసులకు?"

"గందుకే చెప్పలే. మా కంపెనీ బండి అటు దిక్కు వస్తే తాడు కట్టి గుంజుకపోయినం. తెల్లారి చెప్పిన."

"ఆ బండి వచ్చేదాకా ఏం చేశావు?"

లింబాద్రి తల దించుకున్నాడు. "ఏం చెయ్యలే."

ఇదిగో, ఇక్కడ దొరికాడు అనుకున్నాడు షాహుల్. ఏదో దాస్తున్నాడు. ఏం దాస్తున్నాడు?

అప్పుడు కనబడింది మెడలో ఎర్ర గళ్ల తువ్వాల. రంగు కూడా వెలవని కొత్త బట్ట. కానీ సగమే ఉంది. చిరిగిన అంచున దారాలు వేలాడుతున్నాయి. ఎక్కడిదయ్యా అనడిగితే, పెళ్లాం పంపిందని, ఊరి నుంచి వచ్చిన దోస్తు దయాకర్ మొన్న ఆదివారమే తెచ్చాడని చెప్పాడు. సగమేమైందంటే మాత్రం చిరిగిన అంచును కాలరు లోపలికి దోపుకున్నాడు. షాహుల్ దయాకర్‌కు ఫోన్ చేశాడు. ఆదివారం మాట నిజమే.

మధ్యాహ్నం పన్నెండున్నరకు అందరినీ ఆ రోడ్డు మీదికే రప్పించాడు. రోడ్డు కాంట్రాక్టు కంపెనీ ఇంజినీర్ రామ్మోహనరావు, రోలర్ నడిపే వెంకట్రాములు, లింబాద్రి. ఎండ నెత్తి మాడ్చేస్తోంది.

రామ్మోహనరావు విసుక్కున్నాడు. ఈ రోడ్డులో గుంతలన్నీ పదిరోజుల కిందే పూడ్చామని, మంగళవారం ఇక్కడ గొయ్యన్నదే లేదని అన్నాడు. వెంకట్రాములును అడిగితే, సార్ చెప్పినట్టేనన్నాడు. కళ్లు మాత్రం పైకెత్తలేదు.

షాహుల్ మోకాళ్ల మీద కూర్చుని తారు ప్యాచ్ మీద చల్లిన ఇసుకను అరచేత్తో తుడిచాడు. అంచు చుట్టూ శుభ్రంగా అణిచి ఉంది. ఒక్క మూలలో మాత్రం రెండు వేళ్ల వెడల్పున ఎర్రటి గుడ్డ బయటికి వచ్చి ఉంది. పట్టుకుని లాగాడు. రాలేదు. మిగతాదంతా తారు కింద ఉంది.

లింబాద్రి మెడలోని తువ్వాల అడిగి తీసుకుని దాని పక్కన పరిచాడు. అదే ఎరుపు, అవే గళ్లు.

"రామ్మోహనరావు గారూ, ఈ తువ్వాల ఆదివారం దాకా ఇండియాలో ఉంది. పదిరోజుల కింద పోసిన తారు కిందికి ఎట్లా దూరింది?"

ఇంజినీర్ హెల్మెట్ తీసి నుదురు తుడుచుకున్నాడు. ఆఫీసుకు ఫోన్ చేయాలంటూ కారు వైపు నడిచాడు.

"ఇప్పుడన్నా చెప్పవయ్యా," అన్నాడు షాహుల్.

లింబాద్రి చెప్పాడు. వెనక మోటార్ సైకిళ్ల మీద డెలివరీ పిల్లలు వస్తుంటారు. వాళ్లు పడితే తలకాయలు పగులుతాయి. అందుకని పక్కనున్న వేపచెట్టు కొమ్మ విరిచి, గొయ్యిలో రాళ్లు పేర్చి నిలబెట్టాడు. తువ్వాల సగం చింపి దానికి కట్టాడు. తమ ఊళ్ల దిక్కు రోడ్డు మీద గొయ్యి పడితే అంతా ఇదే చేస్తారు.

"మరి దాచావెందుకు?"

"ఈడ చెట్టు కొమ్మ విరిస్తే జైలే అని లేబర్ క్యాంపుల చెప్పిండ్రు సార్."

షాహుల్ తల పట్టుకున్నాడు. తనను నిలబెట్టే ఒకే ఒక్క సాక్ష్యాన్ని భయపడి మింగేశాడీ మహానుభావుడు. కోపం వచ్చింది, అయినా కొమ్మ ఊసు రిపోర్టులో ఉండదని, తువ్వాల చాలని చెప్పాడు. క్లెయిమ్ పాసవుతుందనీ చెప్పాడు.

కానీ ఒక ముల్లు మిగిలింది. అంచంతా అంత శుభ్రంగా అణిచినవాడు ఆ గుడ్డ కొసను ఎందుకు వదిలేశాడు? వెంకట్రాములు దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించి అడిగాడు.

"కొమ్మను చూస్తనే సమజైంది సార్, మనోడెవడో పెట్టిండని," అన్నాడు వెంకట్రాములు. "గుంజి పారేయమన్నరు, పారేసిన. గుడ్డ ఊడి గొయ్యిలనే పడ్డది. గొయ్యి పూడ్చమన్నరు, పూడ్చిన. గుడ్డ కొస కోసెయ్యబుద్ధి కాలే."

అతని పేరు ఎక్కడా రాయనని షాహుల్ మాటిచ్చాడు. ఏం లాభం? రామ్మోహనరావు ఫోన్ జేబులో పెట్టుకుని తిరిగొచ్చాడు. గుడ్డ వైపు చూశాడు, వెంకట్రాములు వైపు చూశాడు. ఆ కంపెనీకి ఉన్నది ఒకే రోలర్, నడిపేది ఒకే మనిషి. తాళాల కోసం చెయ్యి చాపాడు.

పక్కనే ఉండి అంతా విన్న లింబాద్రికి తన వీసా సంగతే గుర్తు లేదు. వెంకట్రాములు దగ్గరికి ఉరికాడు. "నేనెవల్నో కూడా ఎరుకలేదు గదనే అన్నా. నా కోసం నీ కొలువు పాయె."

వెంకట్రాములు రోలర్ తాళాలు ఇంజినీర్ చేతిలో పెట్టాడు.

"కొమ్మ పెట్టేటప్పుడు, ఎనక వచ్చేది ఎవడని నువ్వు అడిగినవా?" అన్నాడు.