శనివారం పన్నీరు

శుక్రవారం ఉదయం ఏడింటికి లలితకుమారి రెండు డబ్బాల్లో పులిహోర సర్దింది. ఒకటి తనకి, ఒకటి కూతురు కిరణ్మయికి. భర్త శ్రీపతికి డబ్బా అక్కర్లేదు. అతను రొట్టెల ఫ్యాక్టరీలో ప్యాకింగ్‌కి వెళ్ళేది సోమ, మంగళ, బుధవారాలే. మిగతా రోజులు ఇంట్లోనే ఉంటాడు. ‘ఇంట్లో ఉంటారు’ అనే మాట మాత్రం ఆ ఇంట్లో ఎవరూ అనరు. తోట చూసుకుంటున్నారు అంటారు.

"రేపటికి పన్నీరు మర్చిపోకండి," అంటూ లలితకుమారి సిడ్నీ శివార్లలోని పెండిల్ హిల్ స్టేషన్‌కి బయల్దేరింది.

తోటలో నిజంగానే ఇరవై ఆరు రోజా మొక్కలున్నాయి. ఆ రేకులతో శ్రీపతి గరాజ్‌లో పన్నీరు తీస్తాడు. ఎనిమిది నెలలుగా ప్రతి శనివారం ఒక సీసా హెలెన్స్‌బర్గ్ గుడికి వెళ్తోంది, స్వామి అభిషేకానికి. గుళ్ళో పూలూ అభిషేక సామగ్రీ చూసే కాత్యాయని ఆంటీ, షాపు పన్నీరులో సెంటే తప్ప రోజా ఉండదని, శ్రీపతి గారి చేతిలో ఏదో మహిమ ఉందని నలుగురిలో అంటుంది. ఈ దేశానికి వచ్చాక తన భర్త గురించి ఒకరు గొప్పగా మాట్లాడటం లలితకుమారి వినేది ఆ ఒక్కచోటే. శనివారం కట్టే చీరలు కూడా కాస్త ఖరీదైనవే.

రైలు వెళ్ళిన చప్పుడు వినబడగానే శ్రీపతి గరాజ్‌లోకి వెళ్ళాడు. వెనకే కాఫీ కప్పుతో కిరణ్మయి. ఆమె యూనివర్సిటీలో కంప్యూటర్స్ మూడో ఏడు. శుక్రవారం క్లాసులు మధ్యాహ్నం ఉన్నాయి, కానీ వెళ్ళే ఉద్దేశం పెద్దగా లేదు.

గరాజ్‌లో ఉన్నది చూడటానికి ఏమంత గొప్పగా ఉండదు. కింద కరెంటుతో కాగే స్టీలు పాత్ర. దాని మీద మనిషంత ఎత్తు రాగి గొట్టం, శ్రీపతి భాషలో కాలమ్. గొట్టం నిండా గిన్నెలు తోముకునే స్టీలు పీచు కుక్కి ఉంటుంది. పైన తోట ట్యూబుతో చన్నీళ్ళు తిరిగే చుట్ట. ఆవిరి పైకి లేచి, చుట్టకి తగిలి, సగం మళ్ళీ పీచులోకి జారి, మళ్ళీ లేచి, అలా తన్నుకుంటూ తన్నుకుంటూ శుభ్రపడి చివరికి బొట్లు బొట్లుగా బయటికొస్తుంది. వారానికి ఒకసారి అందులో రోజా రేకులు మరుగుతాయి. మిగతా రోజుల్లో మరిగేది పంచదార నీళ్ళు పులియబెట్టిన కల్లు లాంటి ద్రవం. బయటికొచ్చేది సారా.

ఆ మాటంటే శ్రీపతికి కోపం. స్పిరిట్ అనాలంటాడు.

ఆ ఇంట్లో తాగేవాళ్ళు ఎవరూ లేరు. శ్రీపతి ఇరవై రెండేళ్ళు రాజమండ్రి దగ్గర ఒక చక్కెర ఫ్యాక్టరీ డిస్టిలరీలో ఇంజనీరు, చుక్క ముట్టలేదు. ఇక్కడా అంతే. తీసిన స్పిరిట్ ఎంత ఘాటో హైడ్రోమీటరుతో కొలిచి, అంకె నోటుబుక్కులో రాసుకుని, దాంతో కిటికీ అద్దాలు తుడుస్తాడు. ఆ వీధిలో అంత మెరిసే కిటికీలు ఇంకో ఇంటికి లేవు. అమ్మినా అమ్మకపోయినా, తాగినా తాగకపోయినా, లైసెన్సు లేకుండా స్పిరిట్ తీయడం ఈ దేశంలో నేరమేనని తండ్రికీ తెలుసు, కూతురికీ తెలుసు. పన్నీరు తీసుకోవడానికైతే అభ్యంతరం లేదు.

తెలిసీ కిరణ్మయి గొట్టం కొసకి ఒక ఉష్ణోగ్రత సెన్సార్ బిగించి, పాత కంప్యూటరుకి కలిపి, ప్రోగ్రాం రాసిచ్చింది. గొట్టం మీది ఉష్ణోగ్రత సూది డెబ్భై ఎనిమిది డిగ్రీల దగ్గర కదలకుండా నిలబడితే తెర మీద గీత తిన్నగా వస్తుంది. ఆమె ఏ అసైన్‌మెంటుకీ అంత శ్రద్ధగా కోడ్ రాయలేదు. గీత తిన్నగా ఉన్న రోజున నాన్న అన్నం ఇంకొంచెం ఎక్కువ తింటాడు. ఆమెకి ఆ లెక్క చాలు.

అమ్మకి మాత్రం చెప్పలేదు. చెప్పకూడదు కూడా. ఆంధ్రాలో సారా వ్యతిరేక ఉద్యమం రోజుల్లో, ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో పనిచేసే ఆడవాళ్ళని వెంటేసుకుని అమ్మ ధర్నాలు చేసింది. తొంభై ఐదులో నిషేధం వచ్చింది. డిస్టిలరీ మూతపడింది. రెండేళ్ళకి అమ్మ నేర్చిన కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష పుణ్యమా అని ముగ్గురూ సిడ్నీ వచ్చారు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తారీఖులు తప్పుతాయన్న వైటూకే గండం దాటించడానికి పాత ప్రోగ్రాములు దిద్దేవాళ్ళు కావాలని ప్రపంచమంతా వెతుకుతున్న రోజులవి. అమ్మకి బీమా కంపెనీలో కాంట్రాక్టు దొరికింది. నాన్నకి రొట్టెలు దొరికాయి. ధర్నా సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఆ శుక్రవారం గీత బ్రహ్మాండంగా వచ్చింది. పదకొండున్నరకి శ్రీపతి రెండో సీసా నింపుతూ రాజమండ్రి ఆపరేటర్ల కబుర్లు చెబుతుండగా, ముందు గేటు తీసిన చప్పుడైంది.

సాయంత్రం ఆరింటికి రావలసిన లలితకుమారి పట్టపగలు వచ్చేసింది.

తలనొప్పి, అంది. చేతిలో ఎప్పటి బ్యాగుతో పాటు ఒక అట్టపెట్టె కూడా ఉంది. దాన్ని మంచం కిందకి తోసి వంటింట్లో కూర్చుంది. ఈలోపు తండ్రీకూతుళ్ళు స్విచ్ తీసి, పాత్రలోది వెనక కాలవలో పారబోసి, సీసాలు తోట పనిముట్ల వెనక దాచారు. గరాజ్‌లో వాసనేంటని ఆమె అడిగితే అద్దాలు తుడిచానన్నాడు శ్రీపతి. అది అబద్ధం కాదు కూడా.

పన్నీరు తీసేముందు ప్రతిసారీ ఉత్త నీళ్ళు మరిగించి, ఒక గంట ఆవిరి పట్టించి, గొట్టాన్ని కడగాలి. పీచులో పాత స్పిరిట్ ఇరుక్కుని ఉంటుంది. కానీ ఆ మధ్యాహ్నం లలితకుమారి గరాజ్‌లోకి వచ్చి, ముక్కాలి పీట లాక్కుని, రోజా రేకులు తుంచుతూ కూర్చుంది. ఎనిమిది నెలల్లో ఎన్నడూ అలా కూర్చోలేదు. నువ్వెళ్ళి పడుకో అంటే ఇక్కడే బావుందంది. రేకులు బుట్టలో నిండగానే ఆమే తీసుకెళ్ళి పాత్రలో పోసింది. ఆమె ముందు ఉత్త నీళ్ళెందుకు మరిగించాలో శ్రీపతి చెప్పలేకపోయాడు. పొద్దుటినుంచి ఆవిరిలో ఉన్న ముక్కుకి వాసనలేవీ తెలియడం లేదు. కిరణ్మయి పరిస్థితీ అదే. సీసా నిండింది. మూత పడింది.

శనివారం గుళ్ళో కాత్యాయని ఆంటీ ఆ మూత తీసింది. కళ్ళు మూసుకుని, రోజా కోసం గట్టిగా పీల్చింది. పీల్చి, కళ్ళు తెరిచి, లలితకుమారిని స్తంభం పక్కకి పిలిచింది.

"లలితా, ఇది స్వామి మీద పొయ్యలేమమ్మా. స్పిరిట్ వాసనొస్తోంది."

ఆమె మెల్లగానే అంది. కానీ పళ్ళేలు పట్టుకుని నిలబడ్డ నలుగురూ విన్నారు. సీసా సరిగా కడగలేదేమోనండీ అంది లలితకుమారి. గర్భగుడికి నాలుగడుగుల దూరంలో, జరీ అంచు చీరలో, తనకే తెలియని విషయానికి ఆమె అబద్ధం చెప్పింది. సీసా తిరిగిచ్చేశారు. కారెక్కి దాన్ని ఒళ్ళో పెట్టుకున్న భార్యని చూడగానే శ్రీపతికి అర్థమైంది. మూత తీయమని అడగలేదు. కారు అద్దం దింపాడంతే.

హెలెన్స్‌బర్గ్ నుంచి ఇంటికి గంటకి పైనే. అడవి దాటింది, కొండ దాటింది, హైవే వచ్చింది. వెనక సీట్లో కిరణ్మయి ఏదైనా జోకు వేద్దామని మూడుసార్లు నోరు తెరిచి మూసింది.

ఇల్లు చేరగానే లలితకుమారి చెప్పులైనా విప్పకుండా గరాజ్‌లోకి నడిచింది. పార వెనకా, గడ్డి కోసే మిషను వెనకా వెతికింది. పదకొండు సీసాలు దొరికాయి. ఒక్కొక్కటే బల్ల మీద వరసగా పెట్టింది. ప్రతి సీసా మీద శ్రీపతి గుండ్రటి చేతిరాతలో తేదీ ఉంది.

"ఎన్నాళ్ళనించి?"

"పన్నీరు కంటే ముందునించే," అన్నాడు శ్రీపతి.

అంటే పన్నీరే దీనికి ముసుగన్నమాట. అది అర్థం కావడానికి ఆమెకి కొంచెం సేపు పట్టింది.

"మమ్మీ, అందులో నా పార్ట్ కూడా ఉంది. సెన్సార్ నేనే పెట్టాను. ఇట్స్ నాట్ ఓన్లీ నాన్న," అంది కిరణ్మయి.

"నువ్వు మాట్లాడకు." కూతురి వంక చూడకుండానే అంది లలితకుమారి. "నేనెందుకు రోడ్డు మీద కూర్చున్నానో మీకు తెలుసు కదండీ. మన ఇంట్లో అంట్లు తోమే సత్తెమ్మ మొహం గుర్తుందా? మొగుడు తాగొచ్చి కొడితే కన్ను ఎంత వాచిందో మీరూ చూశారు. చూసి కూడా ఇదే చేశారు. నా ఇంట్లో. పైగా దేవుడికి పంపించారు, నా చేత."

శ్రీపతి బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. దేవుడి దగ్గరికి వెళ్ళింది పొరపాటని, ఆ ఒక్కదానికీ ఎన్నిసార్లు దండం పెట్టినా చాలదని అన్నాడు.

"నువ్వు రోడ్డు మీద కాదు లలితా, మా డిస్టిలరీ గేటు ముందే కూర్చున్నావు. నేను పై ప్లాట్‌ఫారం మీంచి చూశాను. ఆకుపచ్చ నేత చీర."

ఐదేళ్ళుగా ఎవరూ ఎత్తని మాట అది. కిరణ్మయి గోడకి ఆనుకుంది.

"నేను తప్పు చెయ్యలేదు," అంది లలితకుమారి. గొంతు తగ్గింది.

"చెయ్యలేదనే నేనూ అంటా. అందుకే ఏమీ అనలేదు. మూసిన రోజున కాలమ్ నేనే చల్లార్చాను. వేరేవాళ్ళయితే పాడుచేస్తారని రాత్రి కూడా అక్కడే ఉన్నా. అదైపోయాక ఇంక నాకొచ్చిన పని లోకంలో ఎవరికీ అక్కర్లేదు. ఇక్కడ రొట్టెలు సంచుల్లో పెడతాను, అది ఎవరికైనా వస్తుంది." రాగి గొట్టం వైపు చూశాడు. "సూదిని డెబ్భై ఎనిమిది దగ్గర నిలబెట్టడం నాకొచ్చు. అది వచ్చినవాణ్ణి ఇంకా ఉన్నానో లేదో చూసుకుంటున్నా. తాగడానికి కాదే. అమ్మడానికీ కాదు."

లలితకుమారి ముక్కాలి పీట మీద కూలబడింది. చీర కుచ్చిళ్ళు నేల మీది తడిలో పడ్డాయి. ఆమె చూసుకోలేదు.

"నిన్న నన్ను ఉద్యోగంలోంచి పంపించేశారండీ."

ఎవరికీ అర్థం కాలేదనుకుని వివరంగా చెప్పింది. రెండువేల సంవత్సరం జనవరి ఒకటి దాటింది, కంప్యూటర్లకి ఏమీ కాలేదు. లీపు రోజు లెక్క తప్పుతుందనుకున్న ఫిబ్రవరి ఇరవై తొమ్మిది దాటింది, అప్పుడూ ఏమీ కాలేదు. నిన్న పొద్దున్న కేకు కోసి, అట్టపెట్టె చేతికిచ్చి, థాంక్స్ అన్నారు. జులైలో ఇక్కడ కొత్తగా వచ్చే జీఎస్టీ పన్ను పనికి ఉంచుకుంటారనుకుంది. దానికి జావా అనే కొత్త భాష వచ్చిన పిల్లల్ని తీసుకున్నారు.

"రెండున్నరేళ్ళు దిద్దాను. ఒక్క తప్పూ రాలేదు. తప్పు రాలేదు కాబట్టి ఆ పని అసలు అవసరమే లేదేమో అని మా మేనేజరు నవ్వుతూ అన్నాడు." ఆమె కూర్చున్న పీట అంచు తడిమింది. "ఇంటికొచ్చాక ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు. అందుకే ఇక్కడికొచ్చి మీ పక్కన కూర్చున్నాను."

అట్టపెట్టె ఏమిటని తను అడగనైనా అడగలేదని కిరణ్మయికి అప్పుడు గుర్తొచ్చింది. నిన్న మధ్యాహ్నమంతా అమ్మ ఎప్పుడు లేచి వెళ్తుందా అని వాచీ చూసుకుంటూ గడిపింది. ముక్కు మంటెక్కింది. ఈసారి స్పిరిట్ వల్ల కాదు.

శ్రీపతి ఒక సీసా మూత తీసి, సింకులో బోర్లించాడు. రెండోదీ, మూడోదీ. పదకొండూ అయ్యాక స్పానరు తీసుకుని గొట్టం బిగించిన నట్టు మీద పెట్టాడు.

"అది ఎందుకు విప్పుతున్నారు?"

"నీకు ఇష్టం లేనిది ఉండకూడదు కదా."

"స్పిరిట్ వద్దు. చట్టం ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను. అది ఇవాళ్టితో సరి." లలితకుమారి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "రేపు కాత్యాయని గారికి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు మీరే చెప్పండి. ఇంక పన్నీరు వద్దంటే వద్దంటారు, ఏం చేస్తాం. కానీ అది విప్పకండి." గొట్టం వైపు చూసింది. "పెళ్ళయి పాతికేళ్ళు. మీ గేటు ముందు కూర్చున్నానే గాని ఒక్కసారీ లోపలికి రాలేదు. మీరు చేసే పనేంటో నేనెప్పుడూ చూడలేదు."

శ్రీపతి స్పానరు దించాడు. పాత్ర నిండా ఉత్త నీళ్ళు పోసి స్విచ్ వేశాడు. ఆవిరి ఎక్కడ లేస్తుందో, ఎక్కడ వెనక్కి జారుతుందో, అలా జారనివ్వడమే అసలు పనితనం ఎందుకో చెప్పడం మొదలుపెట్టాడు. ముందు ఆగి ఆగి, తర్వాత ఆగకుండా చెప్పాడు. లలితకుమారి ప్రోగ్రామరు కదా, అడ్డు ప్రశ్నలు వేసింది. వెనక్కి ఎంత పంపాలో ఎవరు నిర్ణయిస్తారు, మరీ ఎక్కువ పంపిస్తే ఏమవుతుంది అని. రెండో ప్రశ్నకి శ్రీపతి నవ్వాడు. ఇరవై రెండేళ్ళలో ట్రైనీలెవరూ మొదటి రోజు అడగని ప్రశ్న అది, అన్నాడు.

నీళ్ళు బొట్లు బొట్లుగా దిగడం మొదలయ్యాక అతను ఇంకో పీట లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"నీ సంగతి చెప్పు. రెండున్నరేళ్ళు ఏం దిద్దావు? నేనూ ఎప్పుడూ అడగలేదు."

మీకు బోరు కొడుతుందండీ, అంది. కొట్టదు, అన్నాడు. కిరణ్మయి టీ పెట్టే వంకతో బయటికొచ్చి, తలుపు వెయ్యకుండా అక్కడే నిలబడింది.

"మా దాంట్లో సంవత్సరానికి రెండంకెలే చోటుంటుంది," అని లలితకుమారి ఆఫీసు గొంతుతో మొదలుపెట్టింది. "తొంభై తొమ్మిదిలో పాలసీ కట్టిన ముసలాయన ఉన్నాడనుకోండి. రెండువేలు రాగానే సున్నా సున్నా పడుతుంది, దాన్ని పంతొమ్మిది వందలనుకుని ఆయన ఇంకా పుట్టనే లేదనుకుంటుంది మిషను. అలాంటివాళ్ళు నలభై వేల మంది. ఒక్కొక్కళ్ళనీ వెతికి..." ఆగి మళ్ళీ అందుకుంది. "ఒక్కళ్ళని కూడా పోనివ్వలేదండీ."

"నలభై వేల మందినా?" అన్నాడు శ్రీపతి. అని, పీట ఇంకొంచెం దగ్గరికి జరుపుకున్నాడు.