మెంతి మజ్జిగ

"ఆ మాట నా ఇంట్లో ఎత్తొద్దని చెప్పానా లేదా!"

శేషగిరి విసిరిన కంచం గోడకి తగిలి, గిర్రున తిరిగి తిరిగి ఫ్రిజ్ కింద ఆగింది. వంకాయ కూర గోడంతా అంటుకుంది. కస్తూరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కొయ్యబారిపోయింది. ఇంతకీ ఆవిడ అన్నదేమిటి? "సోమవారం కంపెనీలో మెడికల్ పరీక్ష కదండీ... ఈలోగా ఒకసారి డాక్టరుకి చూపించుకుని బీపీకి మాత్ర మొదలుపెడదాం" అంది. అంతే! అంతకు మించి ఒక్క ముక్క అనలేదు పాపం!

ఫరీదాబాద్‌లో వాళ్ళుండే సందులో ఇళ్ళన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. ఒకరింట్లో కుక్కరు కూత వేస్తే నాలుగిళ్ళకి వినిపిస్తుంది. ఇక కంచం చప్పుడు వినిపించదూ? రేపు మంచినీళ్ళ ట్యాంకరు దగ్గర కింద వాటా దీదీ ఏమీ ఎరగనట్టు "సబ్ ఠీక్ హై నా? అంతా బాగేనా?" అని అడుగుతుంది. అప్పుడు ఏ మొహం పెట్టుకుని నవ్వాలి? భర్త అరిచినందుకు కన్నా ఆ సిగ్గుకే కస్తూరికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

శేషగిరిది తుని దగ్గర పల్లె. మీసాలు రాని వయసులో క్లీనరుగా లారీ ఎక్కినవాడు, ఇప్పుడు యాభై దాటాక ఫరీదాబాద్ నుంచి చెన్నైకి ఇనుము మోసే పెద్ద ట్రెయిలర్ నడుపుతున్నాడు. మనిషి మంచివాడే. తాగడు, భార్యాబిడ్డలంటే ప్రాణం. కానీ ముక్కు మీద కోపం! కిందటి నెల తల పగిలిపోతోందంటే కస్తూరి బలవంతాన మందుల షాపుకి తీసుకెళ్ళి బీపీ చూపించింది. నూట డెబ్బై, నూట పది! "మిషను పాడైపోయిందిలే" అని దులుపుకుని వచ్చేశాడు. ఆ రోజు నుంచి ఆ మాట ఎత్తితే చాలు, ఇల్లు కురుక్షేత్రమే.

"ధర్మయ్యకి ఏం గతి పట్టిందో చూడలేదటే నువ్వు?" కూర అంటిన గోడవైపు చూడకుండా అన్నాడు శేషగిరి. గొంతు తగ్గింది. "నిరుడు మెడికల్లో బీపీ ఉందని రాశారు. బండి లాక్కుని గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. ఎంత డ్రైవరే ఆయన! ఇప్పుడు నిన్నగాక మొన్న లైసెన్సు తీసుకున్నవాడు కూడా 'తాతా, గేటు తియ్' అంటున్నాడు. నాకూ ఆ గతి పట్టేకన్నా స్టీరింగు మీదే పోవడం నయం!"

"అయ్యో, అంత మాట అనకండీ!" కస్తూరి రెండు చేతులూ జోడించింది. "మీకు పుణ్యం ఉంటుంది... ఇంకెప్పుడూ అడగను!"

నిజంగానే అడగలేదు. అడగకుండా చేసిందే ఈ కథంతా.

కస్తూరికీ బీపీ ఉంది. సర్కారు డిస్పెన్సరీలో పదిహేను రోజులకొకసారి వరుసలో నిలబడి మాత్రలు తెచ్చుకుంటుంది. మర్నాడు పొద్దున్నే తన మాత్ర అరచేతిలో వేసుకుని, మంచినీళ్ళ గ్లాసు అందుకోబోతూ ఆగింది. గట్టు మీద మజ్జిగ చిలికి ఉంది, మెంతులు వేయించి పొడి కొట్టి ఉంది. వేడి చేసి ఒళ్ళు మండినప్పుడల్లా వాళ్ళ ఇంట్లో మెంతి మజ్జిగే మందు. మెంతులు ఎలాగూ చేదు... ఆ చేదులో ఇంకో చేదు ఎవరికి తెలుస్తుంది? మొగుడూ పెళ్ళాలు ఒకే కంచంలో తింటే లేనిది, నాకు పడిన మాత్ర ఆయనకి పడదా? మహా తెలివి అనుకుంది వెర్రితల్లి! గుమ్మం వైపు ఒకసారి చూసుకుంది. మాత్ర నలిపి కలిపేసింది. కట్టుకున్నవాడికి దొంగచాటుగా మందు పెడుతున్నానే అని ఒళ్ళు జలదరించింది.

"ఇంత చేదేమిటే?" అన్నాడు శేషగిరి మొహం చిట్లించి.

"మెంతులు మాడాయండీ" అంది తలొంచుకుని.

అలా వారం రోజులూ రెండు పూటలా మజ్జిగలో కలుపుతూనే ఉంది. మెడికల్ ఉందని కంపెనీ వాళ్ళు ఆ వారం అతన్ని బండి ఎక్కించలేదు కాబట్టి ఇంటిపట్టునే ఉన్నాడు. ఉప్పు తగ్గించి పెడితే గొణుక్కుంటూనే తిన్నాడు. తన మాత్రలన్నీ అతని గ్లాసులోకి పోతుంటే కస్తూరికి వేసుకోవడానికి ఏమీ మిగల్లేదు. గడువు కాకుండా డిస్పెన్సరీకి వెళితే కసురుతారు. నాలుగు రోజులు వేసుకోకపోతే చచ్చిపోతానా అనుకుని ఊరుకుంది. తల దిమ్ముగా ఉన్నా పైకి అనలేదు.

సోమవారం మధ్యాహ్నం శేషగిరి మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చాడు. చేతిలో జిలేబీ పొట్లం!

"నూట ఇరవై ఆరు, ఎనభై రెండు! కుర్రాడిలా ఉన్నావని డాక్టరు భుజం తట్టాడే! లారీల యార్డంతా జిలేబీలు పంచి వచ్చాను. ధర్మయ్య నోట్లో నేనే పెట్టాను. ఇన్నాళ్ళూ నన్ను రోగిష్టివాణ్ణి చేసి కూర్చోబెట్టావు కదే!" అంటూ ఆవిడ నోట్లోనూ ఒక ముక్క కుక్కాడు. కిటికీలోంచి కింద వాటావాళ్ళకి కూడా కేకేసి చెప్పాడు. "ఇంక ఆ చప్పిడి కూడు నా మొహాన పెట్టకు. నాలుక చచ్చిపోయింది! ఆవకాయ సీసా దింపు. రేపు చెన్నై వెళ్ళాలి, దారికి కూడా కట్టు."

కస్తూరి నవ్వింది. నవ్వుతూనే ఉంది గానీ అప్పుడే తట్టింది. పరీక్ష గట్టెక్కితే చాలనుకుంది. ఆ తర్వాత ఏమిటన్నది ఆలోచించనే లేదు! ఇప్పుడీ మనిషి తనకి ఏ జబ్బూ లేదని నమ్మేశాడు. ఇక జన్మలో మాత్ర ముట్టడు. చెన్నై పోయి వచ్చే దాకా దారిలో మెంతి మజ్జిగ ఎవరిస్తారు? నోరు విప్పితే ఈ సంతోషం, ఈ జిలేబీలు, ఈ పరువు... అన్నీ మంటగలుస్తాయి. విప్పకపోతే... అమ్మో! ఆవకాయ సీసా మూత బిగించి సంచిలో పెట్టింది.

మర్నాడు శేషగిరి తెల్లారగానే యార్డుకి వెళ్ళిపోయాడు. కస్తూరి తల పట్టుకుని మంచం మీద కూలబడింది. కాలేజీకి బయల్దేరుతున్న కూతురు సహస్ర అది చూసి, తల్లి మాత్రల డబ్బా తెరిచింది. అట్టలన్నీ ఖాళీ!

"మమ్మీ, యే క్యా హై? నిన్నగాక మొన్న తెచ్చుకున్నావు కదా! దవాయీ కహాఁ గయీ? మందంతా ఏమైంది?"

సహస్ర పక్కన కూర్చుని గడ్డం పట్టుకుని అడిగింది. ఇక ఆగలేక కస్తూరి భోరుమని ఏడుస్తూ మొత్తం చెప్పేసింది.

ఫరీదాబాద్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు అర్థమవుతుంది గానీ ఆవేశం వస్తే హిందీయే వస్తుంది. "మమ్మీ! ఆప్‌నే క్యా కియా, ఎంత పని చేశావు! పాపా పాస్ నహీఁ హుయే... పాసైంది నీ మాత్ర! హైవే పే చక్కర్ వచ్చి కళ్ళు తిరిగితే? అంత పెద్ద ట్రెయిలర్! ముందు వెళ్ళే కారులో ఎవరి పిల్లలు ఉంటారో... వాళ్ళకేం జవాబు చెప్తావు, మమ్మీ?"

కస్తూరి ఏడుపు ఆగిపోయింది. నిజమే! ఇన్ని రోజులూ ఆయన ఉద్యోగం అనుకుంది, ఆయన పరువు అనుకుంది. ఆయన తల ఎలా ఉందో, గుండె ఎలా ఉందో అనుకోలేదు. దారిన పోయేవాళ్ళ సంగతి కలలో కూడా తట్టలేదు. ఒక బిడ్డ తల్లినయ్యుండి ఎంత పాపానికి ఒడిగట్టాను! సిగ్గుతో ఆవిడకి కన్నకూతురి మొహం చూడాలంటేనే భయం వేసింది. ఉన్న చీరతోనే చెప్పులేసుకుని మెట్లు దిగి ఆటో ఎక్కింది.

యార్డులో ట్రెయిలర్ ఇంజను ఆన్‌లోనే ఉంది. శేషగిరి ఇంకా కదల్లేదు. ప్రతి ట్రిప్పుకీ కస్తూరి గేటు దగ్గరికి వచ్చి, బొట్టుతో, నిండు చెంబుతో బండికి ఎదురొస్తుంది. ఎదురొచ్చాక పక్కకి తప్పుకుంటే, హారన్ కొట్టి వెళ్ళిపోతాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి తప్పలేదు. ఆ పద్ధతి చూసి హర్యానా డ్రైవర్లంతా "భాభీజీ కా సిగ్నల్", అంటే వదినగారి సిగ్నల్ అని వేళాకోళం చేస్తారు. ఇవాళ ఆలస్యమైనా ఆవిడ కోసమే ఆగాడు.

ధర్మయ్య గేటు గొలుసు దించాడు. బండి మెల్లగా కదిలి వచ్చింది. కస్తూరి ఎదురొచ్చింది... చెంబు లేదు, బొట్టు చెదిరిపోయింది. శేషగిరి హారన్ కొట్టాడు. ఆవిడ తప్పుకోలేదు! ఇంకోసారి కొట్టాడు. రెండు చేతులూ బారజాపి అక్కడే నిలబడింది. వెనకాల బండ్లవాళ్ళు పకపకా నవ్వారు.

"ఏమిటే ఈ తమాషా? అందరూ చూస్తున్నారు, తప్పుకో!" అంటూ శేషగిరి కిందికి దూకాడు.

"మీరు బండి ఎక్కొద్దండీ! ఆ నూట ఇరవై ఆరు మీది కాదు..." చక్రం పక్కకి లాక్కెళ్ళి, గొంతు తగ్గించి చెప్పింది. మెంతి మజ్జిగ, నలిపిన మాత్ర, ఏదీ దాచలేదు. చెబుతుంటే ఆవిడ తల అతని కాళ్ళ మీదికి వంగిపోతూనే ఉంది.

శేషగిరి మొహం నల్లబడిపోయింది. "నాకు... నాకే దొంగతనంగా పెట్టావా? నిన్న వీళ్ళందరికీ జిలేబీలు పంచానే! ధర్మయ్యని చూసి మీసం తిప్పానే! ఇప్పుడు వీళ్ళకి ఏ మొహం చూపించనే?"

"కొట్టండి, చంపండి, పుట్టింటికి పంపేయండి! స్టీరింగు మాత్రం ముట్టుకోకండి!"

అతను చెయ్యెత్తాడు. ఆ చెయ్యి అలాగే గాల్లో ఆగిపోయింది. ఎదురుగా ఉన్న మొహాన్ని అప్పుడే చూశాడేమో... కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి, నిలబడలేక టైరు పట్టుకుని ఉంది.

"ఎవరి మాత్రలే అవి?"

"...నావే."

"మరి నువ్వేం వేసుకున్నావు?"

కస్తూరి తల దించుకుంది. శేషగిరి ఎత్తిన చెయ్యి దించి, ఆ చేత్తోనే ఆవిడ నుదురు ముట్టుకుని చూశాడు. తర్వాత ఇంజను ఆపి, తాళం తీసుకుని మేనేజరు గదిలోకి నడిచాడు.

"సాబ్, నిన్నటి రీడింగ్ ఝూఠా హై, అబద్ధం. మాత్ర వేసుకుని టెస్ట్ ఇచ్చాను. నాకు బీపీ ఉంది" అన్నాడు తలొంచుకుని.

మేనేజరు అంతెత్తున లేచాడు. "శర్మ్ నహీఁ ఆతీ? సిగ్గు లేదూ? ఇన్నేళ్ళ డ్రైవరువి! రోడ్డు మీద మనుషులు చస్తే జైలుకి ఎవడు పోతాడు?" ఆ అరుపులకి డ్రైవర్లంతా గుమ్మం దగ్గర మూగారు. ఇంట్లో కంచాలు విసిరే మనిషి... బడిలో దెబ్బలు తినే పిల్లాడిలా నిలబడ్డాడు.

కస్తూరి ఆ గుంపుని తోసుకుంటూ లోపలికి వచ్చింది. "నహీఁ సాబ్! ఇన్‌కో మాలూమ్ నహీఁ, ఆయనకేమీ తెలీదు! మైనే దియా... మజ్జిగలో కలిపి నేనే ఇచ్చాను! ఆయన్ని ఏమీ అనకండి!"

మేనేజరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. కోపం పోలేదు గానీ గొంతు దిగింది. బండి వేరే డ్రైవరుకిచ్చాడు. వైద్యం చేయించుకుని, డాక్టరు సరేనన్నాకే మళ్ళీ రమ్మన్నాడు. అప్పటిదాకా కావాలంటే ధర్మయ్యతో పాటు గేటు దగ్గర కూర్చోవచ్చన్నాడు. శేషగిరి తలూపాడు. బయట అతని ట్రెయిలర్ ఇంకొకడి చేతిలో మలుపు తిరిగి వెళ్ళిపోతుంటే, కనుమరుగయ్యే దాకా చూస్తూ నిలబడ్డాడు. ధర్మయ్య గొలుసు మళ్ళీ పైకి లాగి, తన పక్కన ఇంకో కుర్చీ వేశాడు. ఆ కుర్చీయే శేషగిరికి చెంపదెబ్బలా తగిలింది.

ఇద్దరూ క్లినిక్‌కి ఆటో ఎక్కారు. కస్తూరే ముందు నోరు తెరిచింది. "నా మూలంగా అందరిలో తలవంపులయ్యాయి మీకు... తప్పంతా మీ మీదేసుకున్నారెందుకండీ?"

"పెళ్ళాం మొగుడికి మందు పెట్టిందని యార్డులో అనుకోవడం నాకిష్టం లేదు" అన్నాడు రోడ్డువైపు చూస్తూ. మళ్ళీ తనే అన్నాడు, "మంచిగా చెబితే కంచం విసిరాను. ఇంక నువ్వు దొంగతనంగా కాక ఎలా పెడతావే? తలుచుకుంటే నాకే అసహ్యంగా ఉంది... నీ మాత్రలు మింగి నేను మీసాలు తిప్పాను!" ఆటో అద్దంలో డ్రైవరు చూస్తున్నా పట్టించుకోకుండా శేషగిరి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇన్నేళ్ళ కాపురంలో కస్తూరి ఆ ఏడుపు చూడలేదు. ఏం చేయాలో తెలియక కొంగు అందించింది.

యార్డు దగ్గరి క్లినిక్ కిక్కిరిసి ఉంది. బెంచీల మీద వాళ్ళ కంపెనీ డ్రైవర్లు ఇద్దరున్నారు. నిన్న జిలేబీ తిన్నవాళ్ళే! వాళ్ళని చూసి కస్తూరి కొంగు తల మీదికి లాక్కుంది. కాంపౌండరు తలుపు తీసి, "మరీజ్ కౌన్ హై? పేషెంటు ఎవరు?" అని కేకేశాడు. భర్త పరువు కాపాడదామని ఆవిడ గబుక్కున లేవబోయింది. శేషగిరి భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, తను లేచి నిలబడ్డాడు.

"ఇద్దరమూ, భయ్యా. ముందు ఈవిడని చూడండి, నాకోసం మందు మానేసింది. ఆ తర్వాత నన్ను చూడండి. నాకు బీపీ ఉంది."

హాలంతా వినపడేలా అన్నాడు. బెంచీ మీది డ్రైవర్లు తలెత్తి చూశారు. శేషగిరి చెవులు ఎర్రబడ్డాయి. అయినా కూర్చోలేదు.