వెచ్చబడేదాకా చావు కాదు

మాస్కోకి ఎంతో దూరాన, మంచుదేశంలో ఇర్తిష్ నది ఒడ్డున ఆ పాత ఆసుపత్రిలో, ఆపరేషన్ గది నుంచి మార్చురీకి నేల కింద ఒక సొరంగం ఉంది. పొడవునా వేడినీళ్ళ గొట్టాలే. బయట చలి ఎముకలు కొరుకుతున్నా లోపల చెమట పడుతుంది. అయినా మూడో మలుపు దగ్గర మాత్రం ఎవరూ ఆగరు. పొద్దుపోయాక అక్కడ ఒక ఆడగొంతు “చలేస్తోంది...” అంటుందట.

కొందరు గాలి అంటారు. కొందరు గొట్టాల్లో ఆవిరి అంటారు. ఆయాగా ముప్ఫై ఏళ్ళు చేసిన గ్లాఫీరా మాత్రం ఏమీ అనేది కాదు. పోయేముందు మూడు రాత్రులు జ్వరంలో వాగింది. పక్క మంచాల వాళ్ళు విన్నది ఇదీ.

ఆ రోజుల్లో గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమనిని కోసి కుట్టాలంటే కాసేపు రక్తం పారడం ఆపాలి. ఊరికే ఆపితే మెదడు చచ్చిపోతుంది. అందుకని మనిషికి మత్తిచ్చి, నిలువెల్లా మంచుముక్కలు పేర్చి, మెదడు ఆకలి మరిచిపోయేంత చల్లబరిచేవాళ్ళు. నది మీంచి కోసుకొచ్చిన ఆ మంచుని దంచేది గ్లాఫీరా.

ఆమెకి ఒక్కతే కూతురు, జీనా. పదకొండేళ్ళు. ఆ పిల్లకీ ఆ ధమనే సన్నబడింది. పరిగెత్తితే ముక్కు వెంట రక్తం... కాళ్ళు ఎండాకాలంలో కూడా చల్లగానే ఉండేవి. ఆ చుట్టుపక్కల అంత ఆపరేషన్ చేయగలవాడు వికెంతీ మార్కోవిచ్ ఒక్కడే. రెండేళ్ళు కాళ్ళావేళ్ళా పడితే ఆయన నోట మాట వచ్చింది. “గురువారం నీ పిల్ల.”

సోమవారం వంతు ఉస్తీన్యాది. నదీ రేవులో క్రేను నడిపే మనిషి, ముప్ఫై ఏళ్ళుంటాయి, నోరు ఊరంత. ముందురోజు సాయంత్రం గ్లాఫీరా ఆమెకి ఒళ్ళు తుడుస్తోంది.

“రేపు నన్ను చేపలా ఐసులో పెడతావటగా అక్కా?”

“నోర్ముయ్యి. చేప ఇంత వాగదు.”

“వాగనీ. రేపటికి ఎలాగూ గడ్డకడతాగా.” నవ్వింది. తర్వాత నవ్వు ఆగింది. “నేను కళ్ళు తెరిచేసరికి ఎదురుగా నువ్వుండాలి. ఆ డాక్టరు మొహం చూస్తే మళ్ళీ చస్తాను.”

“ఉంటాలే.”

“ఒట్టు?”

“ఒట్టు.”

మర్నాడు మంచు పేర్చారు. ఇంకా కత్తి పెట్టలేదు... గుండె ఆగిపోయింది.

ఆ గదిలో గోడ మీద ముసలి డాక్టరెవరో రాసి అంటించిన కాగితం ఒకటి ఉండేది — ‘వెచ్చబడేదాకా చావు కాదు.’ మంచులోంచి తీసిన మనిషిని మళ్ళీ వెచ్చబరిచి, అప్పటికీ గుండె కొట్టుకోకపోతేనే పోయినట్టు లెక్క. అది అక్కడి ధర్మం. కానీ ఆ రోజు మాస్కో నుంచి వచ్చిన పెద్దలు దీని తర్వాతి ఆపరేషన్ చూడ్డానికి పక్కగదిలో కూర్చుని ఉన్నారు. వికెంతీ మార్కోవిచ్ పావుగంట గుండె నొక్కి గడియారం చూసుకున్నాడు.

“చాలు. తీసెయ్యండి.”

“ఇంకా వెచ్చబడలేదండీ...” అంది మత్తు డాక్టరమ్మ.

ఆయన ఆమె వంక చూశాడంతే. ఆమె తల దించుకుంది.

గ్లాఫీరా స్ట్రెచర్ బండి తోసుకుంటూ సొరంగం దాటింది. మార్చురీకి తాళం. కాపలావాడు ఫోమిచ్ తాగడానికి పోయాడు. శవాన్ని దారిలో వదలకూడదు. వెనక్కి వస్తే మూడో మలుపులో గొట్టాలన్నీ కలిసే చిన్న గది ఒకటుంది. బండిని అందులోకి తోసి, బయట గడియ పెట్టి, పనిలోకి వెళ్ళిపోయింది.

ఫోమిచ్ వచ్చాడని తెలిసి మళ్ళీ దిగేసరికి రాత్రి పదకొండు.

మూడో మలుపు...

తలుపు వెనక ఏదో గీరుతోంది. ఎలుకేమో అనుకుంది. గీరడం ఆగింది. ఆగి —

“చలేస్తోంది... అక్కా...”

గ్లాఫీరా చప్పున వెనక్కి జరిగింది. సర్కారు దేవుణ్ణి ఒప్పుకోని ఆ కాలంలో ఎవరూ చూడకుండా వేసుకోవలసిన శిలువ గుర్తుని నాలుగుసార్లు వేసుకుంది. దెయ్యం! ఎవరైనా అదే అనుకుంటారు.

కానీ ఆమె మంచు దంచే మనిషి. మంచులోంచి లేచినవాళ్ళు మొట్టమొదట అనే మాటేమిటో ఆమెకి తెలుసు. ఎంతమంది నోట వినలేదు! శవానికి చలి వెయ్యదు. వెచ్చబడుతున్న మనిషికే వేస్తుంది.

గొట్టాలు డాక్టరు చెయ్యని పని చేశాయి.

చెయ్యి గడియ మీదకి పోయింది. పోయి... అక్కడే ఆగింది.

తలుపు తీస్తే? బతికున్న మనిషిని శవమన్నాడని తెల్లారేసరికి మాస్కో పెద్దలకి తెలుస్తుంది. వికెంతీ మార్కోవిచ్‌ని చేతులు కట్టి తీసుకుపోతారు. ఆ చేతులు లేకపోతే గురువారం లేదు. గురువారం లేకపోతే జీనా లేదు.

“అక్కా... గడియ తియ్యి... ఒట్టేశావుగా...”

గ్లాఫీరా గడియ మీద చెయ్యి తీసేసింది. తలుపుకి వీపు ఆనించి కూర్చుంది. శాలువా చెవులకి చుట్టుకుంది. అయినా వీపుకి తెలుస్తూనే ఉంది... గీరడం. లోపలి గుండె మళ్ళీ అలిసి, అది ఆగడానికి రెండు గంటలు పట్టింది. దయలేని తల్లిప్రేమ ఎంత ఓపికగా కూర్చోగలదో ఆ రెండు గంటల్లో తేలిపోయింది.

తర్వాత తలుపు తీసింది. ఉస్తీన్యా సగం కిందికి జారి ఉంది. గ్లాఫీరా ఆమె గోళ్ళు కడిగింది. జుట్టు సర్దింది. దుప్పటి మొహం మీదకి లాగి మార్చురీకి తోసుకెళ్ళింది.

ఫోమిచ్ దుప్పటి ఎత్తి చెయ్యి పెట్టి చూశాడు. “ఇదేంటే గ్లాఫీరా? నీ శవం ఇంకా వెచ్చగా ఉందే!”

“గొట్టాల పక్కనుంది.”

“పెట్టి పుట్టింది. నా మంచం కూడా ఇంత వెచ్చగా ఉండదు,” అని నవ్వి పేరు రాసుకున్నాడు.

గురువారం వచ్చింది. కూతురి కోసం మంచు గ్లాఫీరాయే దంచింది, గోధుమ గింజలంత సన్నగా, ఎక్కడా ఒరుసుకోకుండా. వికెంతీ మార్కోవిచ్ చేతులు బంగారం చేతులే, ఎవరూ కాదనలేరు. ధమని కోశాడు, కుట్టాడు, గుండె మళ్ళీ కొట్టుకుంది. ఈసారి ఎవరూ తొందరపడలేదు. వేడినీళ్ళ సీసాలు పెట్టి, డిగ్రీ డిగ్రీ లెక్క చూసుకుంటూ పిల్లని వెచ్చబరిచారు.

“ఏడవకు. నీ పిల్ల నూరేళ్ళు బతుకుతుంది,” అన్నాడాయన. పిల్ల బతకడం వరకూ ఆ మాట నిజమే అయింది.

రాత్రి మంచం పక్కన గ్లాఫీరా ఒక్కతే. జీనా పాదాలు చేతుల్లోకి తీసుకుంది. వెచ్చగా ఉన్నాయి! పుట్టాక మొదటిసారి. ఆనందం పట్టలేక వాటికి మొహం ఆనించి ఏడ్చింది.

జీనా పెదాలు కదిలాయి.

“చలేస్తోంది...”

అందరూ అనేదే. గ్లాఫీరా కన్నీళ్ళతో నవ్వుతూ వంగింది. “ఉన్నాను తల్లీ... ఇక్కడే ఉన్నా.”

జీనా కళ్ళు తెరిచింది. తల్లి మొహంలోకి చాలాసేపు చూసింది. వేలిగోరు ఒకటి మంచం ఇనుప చట్రాన్ని మెల్లగా గీరడం మొదలుపెట్టింది.

“ఇప్పటికా అక్కా... గడియ తియ్యడం?”